సాకెట్టులో అగ్గిపుల్ల



పోయిన చలికాలం మా గదిలో జరిగిన సంగతితో మొదలుపెడతాము. తెల్లవారుజామున నీళ్లు కాచుకోవడానికి హీటర్ రాడ్డు పెట్టాము. దాని ప్లగ్గు ఎప్పుడో పగిలిపోయింది. వైరు కొసలు ఒలిచి సాకెట్టు రంధ్రాల్లో దూర్చి, ఊడకుండా అగ్గిపుల్లలు గుచ్చాము. ఇనుప బకెట్టును తాకిన మా మిత్రుడు ఒక్కసారిగా వెనక్కి పడ్డాడు. మోచేయి గీరుకుపోవడంతో గండం గడిచింది. "ఫ్యూజు ఎందుకు పోలేదు?" అని ఒకరినొకరం అడిగాము. జవాబు మన భౌతికశాస్త్రం పుస్తకంలోని ఓమ్ నియమంలోనే ఉంది.

ఫ్యూజు ఎవరిని కాపాడుతుంది?

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుందాం. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అనగా 230 మిల్లీ ఆంపియర్లు. 30 మిల్లీ ఆంపియర్లు దాటితేనే ప్రాణానికి ముప్పు మొదలవుతుంది. కానీ 5 ఆంపియర్ల ఫ్యూజుకు 0.23 ఒక లెక్క కాదు. ఫ్యూజు వైరు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. అది పోయినప్పుడల్లా రాగి పోగులు నాలుగు మెలిపెట్టి కడితే వైరుకు కూడా రక్షణ ఉండదు.

మూడో పిన్ను

మనిషిని కాపాడేది ఎర్తు. మూడు పిన్నుల ప్లగ్గులో పైన లావుగా, పొడవుగా ఉండే పిన్ను దానిదే. ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందు తగలాలి, తీసేటప్పుడు చివర విడిపోవాలి. అందుకే ఆ పొడవు. ఇస్త్రీపెట్టె రేకుకు లోపల ఫేజు వైరు తగిలితే కరెంటు ఎర్తు దారిన పోయి ఫ్యూజును కాల్చేయాలి. ఆ దారిలో మొత్తం నిరోధం 2 ఓములైతే 115 ఆంపియర్లు పారుతుంది, ఫ్యూజు వెంటనే పోతుంది. అదే 50 ఓములైతే పారేది 4.6 ఆంపియర్లే. ఫ్యూజు పోదు. రేకు మీద కరెంటు అలాగే కాచుకొని ఉంటుంది.

మన సీమలో ఈ లెక్క ముఖ్యం. కర్నూలు, కడప ప్రాంతాల్లో వానలు తక్కువ. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలు విచ్చి ఎర్తు పైపును వదిలేస్తుంది. కొన్ని ఊళ్లలో రెండడుగులు తవ్వితే బండ తగులుతుంది. ఎండిన మట్టిలో కరెంటు సరిగా పారదు. గుంతలో బొగ్గు, ఉప్పు వేసేది తేమ నిలవడానికే. ఎండాకాలంలో చెట్టుకు పోసినట్లే ఎర్తు గుంతకూ నీళ్లు పోయాలి. దీనితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే మేలు. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా వేరే దారి పట్టిందంటే అది క్షణంలో ఆపేస్తుంది.

చట్టం ఏమంటుంది?

1956 భారత విద్యుత్ నిబంధనల్లో 45వ నిబంధన ఒక గీత గీసింది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు వంటివి పాడైతే అదే సామర్థ్యం గలది మనమే మార్చుకోవచ్చు. కొత్తగా వైరు లాగడం, సాకెట్టు పెంచడం మాత్రం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. తర్వాత వచ్చిన 2010, 2023 కేంద్ర నిబంధనల్లోనూ ఈ నియమం కొనసాగింది. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షను ప్రకారం స్తంభం తీగకు కొక్కెం వేయడం దొంగతనం. మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మన మీటరు నుంచి పక్కింటికి వైరు ఇవ్వడం 126వ సెక్షను కింద అనధికార వాడకం.

మా మాట

లైసెన్సు ఉన్నవాణ్ణి పిలిస్తే డబ్బులవుతాయని మన ఇళ్లలో అంటారు. నిజమే, కూలి చేసుకునే ఇంటికి ఆ ఖర్చు బరువే. కానీ హీటరుకు 1500 వాట్లు అంటే ఆరున్నర ఆంపియర్లు. దాన్ని చిన్న సాకెట్టుకు తగిలిస్తే అది మాడి, ఇల్లే అంటుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇస్తూ 2019లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అటువంటి పథకాల గురించి కరెంటు ఆఫీసులో అడిగి తెలుసుకుందాం. కొక్కేనికి ప్రాణం ఒడ్డవద్దు.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఈ నాలుగూ చూడండి:

1. ప్లగ్గు లేని వైరు సాకెట్టులో ఉంటే, మెయిన్ ఆపి తీసేయండి.
2. బట్టలారేసే ఇనుప తీగ ఏ కరెంటు వైరునూ తాకకూడదు. తాకి ఉంటే ముట్టుకోకుండా 1912కు ఫోను చేయండి.
3. ఎర్తు గుంత ఎక్కడుందో అమ్మానాయనను అడగండి. ఉంటే నీళ్లు పోయండి, లేకుంటే వేయించమని చెప్పండి.
4. ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిన్ ఆపండి. వీలుకాకపోతే ఎండు కట్టెతో వైరును నెట్టండి. మనిషిని చేత్తో పట్టుకోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

మా గదిలో ఇప్పుడు అగ్గిపుల్లలు లేవు. అందరం తలా కొంత వేసుకొని మూడు పిన్నుల ప్లగ్గు కొన్నాము. పాత రాడ్డును పారేశాము.