నల్లమల నడకకు ఫోన్ యాప్ చాలా? హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ కొనాలా?

శివరాత్రి, ఉగాది దగ్గర పడుతున్నాయంటే నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, శ్రీశైలానికి అడవి దారిలో నడిచి వెళ్తున్నాం. సిగ్నల్ ఉండదంట కదా, జీపీఎస్ డివైస్ కొనాలా?"

ఈ టాపిక్ మీద నెట్‌లో దొరికే పోలికలు చాలావరకు అమెరికాలో వేటకి వెళ్ళేవాళ్ళ కోసం రాసినవి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పైగా శ్రీశైలం చుట్టూ ఉన్నది 3,700 చదరపు కిలోమీటర్లకు పైబడిన పులుల అభయారణ్యం. అంటే మన అవసరం వేరు. ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా 40 కి.మీ. పైచిలుకు నడక, రోడ్డు లేని అడవి, మండే ఎండ. అటవీ శాఖ అనుమతించిన రోజుల్లో, అనుమతించిన దారిలోనే వెళ్ళాలి. ఈ పరిస్థితికి ఏది సరిపోతుందో చూద్దాం.

ముందు ఒక అపోహ

"సిగ్నల్ లేకపోతే ఫోన్‌లో జీపీఎస్ పనిచేయదు" అనేది తప్పు. సుమారు 20,200 కి.మీ. ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు పంపే రేడియో సంకేతాన్ని ఫోన్ వింటుంది, అంతే. దానికి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు.

నెట్ ఉంటే రెండు పనులు తేలికవుతాయి. ఒకటి, మ్యాప్ బొమ్మ డౌన్‌లోడ్ కావడం. రెండోది, ఉపగ్రహాలు ఎక్కడున్నాయో ముందుగా తెలియడం. నెట్ లేకపోతే ఆ సమాచారం ఉపగ్రహం నుంచే రావాలి. ఆకాశం బాగా కనిపిస్తే ఒక్కో ఉపగ్రహం నుంచి దాదాపు 30 సెకన్లు పడుతుంది, లోయలో ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే ఆత్మకూరులో నెట్ ఉండగానే మ్యాప్ యాప్ ఒకసారి తెరిచి, నీలం చుక్క సరిగ్గా పడ్డాకే బయలుదేరమని చెప్తాను.

ఇక్కడ అందరూ మర్చిపోయే విషయం ఇంకోటుంది. జీపీఎస్ మీరెక్కడున్నారో మీకు చెప్తుంది. వేరేవాళ్ళకి చెప్పదు. ఫోనైనా, ఖరీదైన హ్యాండ్‌హెల్డ్ అయినా ఇందులో తేడా లేదు. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ ఈ నల్లమలలోనే కూలిపోయింది. ప్రభుత్వ యంత్రాంగం మొత్తం వెతికినా మర్నాడు ఉదయం దాకా ఆచూకీ దొరకలేదు. ఒక హెలికాప్టర్‌కే అంత సమయం పడితే, దారి తప్పిన ఇద్దరు కుర్రాళ్ళ సంగతి ఆలోచించండి.

ఏది ఎక్కడ నెగ్గుతుంది?

ఖచ్చితత్వం: ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ కూడా సుమారు 5 మీటర్ల లోపు తేడాతో చూపిస్తుంది. నల్లమల ఆకురాల్చే అడవి. శివరాత్రి, ఉగాది నాటికి చెట్లు చాలావరకు మోడుబారి ఉంటాయి కాబట్టి ఆకుల అడ్డు తక్కువ. ఇబ్బందల్లా భీముని కొలను లాంటి లోయల్లోనే. రాతి గోడలకు తగిలి వచ్చే సంకేతం వల్ల చుక్క పక్కకు జరుగుతుంది. ఎల్1, ఎల్5 రెండు ఫ్రీక్వెన్సీలూ అందుకునే ఫోన్‌లో ఈ తేడా తగ్గుతుంది. 2018లో షావోమీ ఎంఐ 8తో మొదలైన ఈ ఫీచర్ ఇప్పుడు చాలా మిడ్-రేంజ్ ఫోన్లలో ఉంది. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ లాంటి బేసిక్ హ్యాండ్‌హెల్డ్‌లో లేదు. మన నావిక్ సపోర్ట్ ఉంటే మంచిదే కానీ, దాన్ని చూసి మాత్రమే ఫోన్ కొనొద్దు. ఈ రౌండ్ ఫోన్‌దే.

మ్యాపులు: ఇదీ ఫోన్‌దే. గూగుల్ మ్యాప్స్‌ని మాత్రం నమ్ముకోకండి, ఆఫ్‌లైన్‌లో అది నడక దారి చెప్పదు. ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మ్‌అండ్ లాంటి యాప్‌లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాని ఫోన్‌లోనే దాచుకుంటాయి. మీరు వెళ్ళే కాలిబాట అందులో ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. లేకపోతే ముందు వెళ్ళొచ్చినవాళ్ళ దగ్గర జీపీఎక్స్ ఫైల్ అడిగి యాప్‌లో ఎక్కించుకోండి. ఈట్రెక్స్ 22ఎక్స్‌లో మ్యాప్ ఉంటుంది కానీ స్క్రీన్ 2.2 అంగుళాలే. ఈట్రెక్స్ ఎస్‌ఈలో అసలు మ్యాపే లేదు, పాయింట్లూ నడిచిన గీతా మాత్రమే చూపిస్తుంది.

బ్యాటరీ: ఇక్కడ సీన్ మారిపోతుంది. ఈట్రెక్స్ 22ఎక్స్ రెండు ఏఏ సెల్లతో 25 గంటలు నడుస్తుందని కంపెనీ చెప్తుంది. ఎస్‌ఈకి స్టాండర్డ్ మోడ్‌లో 168 గంటలు. గోడ గడియారంలో వేసే సైజు సెల్లే కాబట్టి ఊళ్ళో ఎక్కడైనా దొరుకుతాయి. మామూలువి కాకుండా ఆల్కలైన్ అడిగి తీసుకోండి. ఫోన్ మాత్రం లేని సిగ్నల్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తాగేస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి, ఇప్పటి ఫోన్లలో జీపీఎస్ ఆగదు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొన్నా, మధ్యలో పోయేది పోగా చేతికందేది 6,000 దాకానే అని లెక్కేసుకోండి.

ఎండ, చెమట: రాయలసీమ ఎండ గురించి అమెరికా రివ్యూల్లో ఉండదు. ఆపిల్ తన ఐఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమంటుంది. ఉగాది నాటికి ఇక్కడ మధ్యాహ్నం ఆ గీత దాటేస్తుంది. ఫోన్ వేడెక్కితే బ్రైట్‌నెస్ దానంతటదే తగ్గుతుంది, ఛార్జింగ్ ఆగుతుంది. చెమట చేతులతో టచ్ సరిగా పనిచేయదు. హ్యాండ్‌హెల్డ్‌కి బటన్లు ఉంటాయి, 60 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు, దాని స్క్రీన్ ఎండలోనే ఇంకా బాగా కనిపిస్తుంది. కింద పడినా, నీళ్ళలో తడిసినా భయం తక్కువ.

అంకెలు చదవడం నేర్చుకోండి

ఏ డివైస్ కొన్నా ఈ పాఠం తప్పదు. ఆపదలో మీరున్న చోటుని ఫోన్‌లో చదివి చెప్పాల్సి వస్తే ఫార్మాట్ తప్పకూడదు. శ్రీశైలం గుడి దగ్గర అక్షాంశం సుమారు 16.0741 డిగ్రీలు. ఇది డెసిమల్ లెక్క. దీన్ని ఎవరైనా 16 డిగ్రీల 07 నిమిషాల 41 సెకన్లు అని రాసుకుంటే? అసలు విలువ 16 డిగ్రీల 04 నిమిషాల 27 సెకన్లు. తేడా నేల మీద దాదాపు 6 కిలోమీటర్లు! వెతికేవాళ్ళు వేరే లోయలోకి వెళ్తారు. కాబట్టి గుంపులో అందరూ ఒకే ఫార్మాట్ పెట్టుకోండి. చెప్పేటప్పుడు "పదహారు పాయింట్ సున్నా ఏడు నాలుగు ఒకటి డిగ్రీలు" అని పాయింట్‌తో సహా చెప్పండి.

అమెరికా నుంచి తెప్పించుకునే ముందు

"మా అన్నయ్య అక్కడే ఉన్నాడు, శాటిలైట్ మెసేజ్ పంపేది తెప్పించుకుంటా" అనేవాళ్ళు జాగ్రత్త. గార్మిన్ ఇన్‌రీచ్, థురాయా, ఇరిడియం లాంటి ఉపగ్రహ కమ్యూనికేషన్ పరికరాలను టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో ఉంచుకోవడం చట్టవిరుద్ధం. ఇలాంటివి బ్యాగులో ఉన్నందుకు విదేశీ పర్యాటకులను మన ఎయిర్‌పోర్టుల్లో ఆపేసిన సంఘటనలున్నాయి. మోడల్ పేరు చూడండి: జీపీఎస్‌మ్యాప్ 67 కేవలం రిసీవర్, 67ఐలో మెసేంజర్ ఉంటుంది. ఒక్క అక్షరం తేడా.

ఫారెస్ట్ వాళ్ళు ఏం వాడుతున్నారు?

పులుల అభయారణ్యాల్లో గస్తీ నమోదు కోసం 2010లో ఎం-స్ట్రైప్స్ అనే వ్యవస్థ వచ్చింది. మొదట్లో చేతి జీపీఎస్‌ల మీద నడిచిన ఈ పని తర్వాత ఆండ్రాయిడ్ యాప్‌లోకి మారింది. 2018 దేశవ్యాప్త పులుల గణనలో ఆ యాప్‌నే వాడారు. అంటే రోజూ అడవిలో తిరిగేవాళ్ళకే ఫోన్ పనికొస్తోంది. కానీ వాళ్ళు ఒంటరిగా తిరగరు, వెనక బేస్ క్యాంపు ఉంటుంది, నల్లమలని ఊరిలా ఎరిగిన చెంచులు టైగర్ ట్రాకర్లుగా, వాచర్లుగా పక్కన ఉంటారు. మనకి ఆ ఏర్పాటు లేదు.

నా తీర్పు

• గుంపుతో, అనుమతించిన దారిలో, ఒకటి రెండు రోజుల నడక: ఫోన్ చాలు. కొత్త డివైస్ డబ్బులు మిగుల్చుకుని మంచి పవర్ బ్యాంక్ కొనండి. గుంపులో కనీసం రెండు ఫోన్లలో ఒకే మ్యాపు, ఒకే జీపీఎక్స్ ఉండాలి.

• సర్వే, పరిశోధన, ఫోటోగ్రఫీ పనిమీద అనుమతితో రోజుల తరబడి అడవిలో ఉండేవాళ్ళు: ఏఏ సెల్లతో నడిచే హ్యాండ్‌హెల్డ్ కొనండి. ఫోన్ మ్యాపుకి, హ్యాండ్‌హెల్డ్ నడిచిన దారి రికార్డుకి.

• ఒంటరిగా వెళ్దామనుకునేవాళ్ళు: ఏదీ కొనకండి, వెళ్ళకండి.

బయలుదేరే ముందు ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్ని గంటలకి ఏ మజిలీ చేరతారో, ఎప్పటికి ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. ఉపగ్రహం చేయలేని పని ఆ కాగితం చేస్తుంది. దానికి ఛార్జింగ్ కూడా అక్కర్లేదు.