దస్తావేజులో ఆ చివరి ముక్క చదివారా?

ఏమర్రా, గాజులు చేయించుకుంటే తరుగెంత, మజూరీ ఎంత అని షాపువాడి ప్రాణాలు తీస్తాం కదా! అదే మన పేరు మీద ఇల్లో పొలమో రాస్తున్నారంటే మాత్రం "ఎక్కడ పెట్టాలి బాబూ సంతకం?" అని అడిగి, వేలిముద్ర వేసి, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి తిన్నగా టిఫిను హోటలుకి వెళ్లిపోతాం. ఆ కాగితాల్లో ఏముందో చదివినవాళ్లు చేతులెత్తండి చూద్దాం.

అదేం భాషమ్మా, చదివితే అర్థమవుతుందా అంటారు. నిజమే, మన దస్తావేజు లేఖరులు ఫుల్‌స్టాపు పెట్టడం పాపమనుకుంటారు. అయినా మొత్తం చదవక్కర్లేదు, చివర్లో హక్కుల సంగతి రాసిన చోటు పట్టుకోండి. "దాన విక్రయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించగలరు" అని ఉంటే ఆస్తి అచ్చంగా మీది. అమ్ముకోవచ్చు, కూతురికి ఇచ్చుకోవచ్చు. అలా కాకుండా "జీవితాంతం అనుభవించి, తదనంతరం ఫలానావారికి చెందవలెను" అని ఉంటే మీరు అందులో ఉండొచ్చు, అద్దె తీసుకోవచ్చు, మామిడికాయలు కోసుకోవచ్చు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. రెంటికీ మధ్య ఇంత తేడా ఉందని చాలామందికి బేరం కుదిరి, కొనేవాళ్ల లాయరు అభ్యంతరం పెట్టినప్పుడు గాని తెలియదు.

ఈ జీవితకాలపు హక్కు మీద దేశమంతా చెప్పుకునే తీర్పు మన నెల్లూరు వైపు నుంచి వెళ్లిందే. తులశమ్మగారనే ఆవిడ భర్త 1931లో పోయాడు. ఆస్తి ఉమ్మడిది, ఆయన సవతి సోదరుడి చేతిలో ఉంది. ఆ రోజుల్లో విధవకి ఏముండేది, మనోవర్తి తప్ప! దానికోసం ఆవిడ 1944లో దావా వేసి గెలిచింది. చివరికి 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి చేతికొచ్చింది. వచ్చింది గాని, బతికినంతకాలం అనుభవించాలి, అమ్మకూడదు, తర్వాత మళ్లీ ఆ సోదరుడికే పోవాలి అన్న షరతు మీద. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమే సంపూర్ణ యజమానురాలని అందులో 14వ సెక్షన్ చెప్పింది. తులశమ్మగారు 1960లో కొంత భూమి లీజుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. అంతే, ఆ సోదరుడు కోర్టుకెక్కాడు. ఆవిడ హైకోర్టులో ఓడిపోయింది. అయినా వదల్లేదు చూశారా, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1977 మార్చిలో తీర్పు ఆవిడ పక్షాన వచ్చింది. మనోవర్తి అంటే ఎవరో దయతలచి పడేసే ముష్టి కాదు, అది ఆమెకు ముందునుంచీ ఉన్న హక్కు, ఆ హక్కుకి బదులుగా ఇచ్చిన ఆస్తి షరతులు రాసినా ఆమె సొంతమే అవుతుందని జడ్జీలు తేల్చారు.

హమ్మయ్య, ఇంకేం, మనకీ వర్తిస్తుంది అనుకునేరు! ఆ సెక్షన్‌లోనే రెండో ముక్క ఉంది. ముందునుంచీ ఏ హక్కూ లేని మనిషికి విల్లు ద్వారానో దానపత్రం ద్వారానో షరతు పెట్టి కొత్తగా ఇస్తే, ఆ షరతు షరతే. ఏది మొదటి ముక్క కిందికొస్తుంది, ఏది రెండోదాని కిందికొస్తుందీ అని కోర్టులే ఇప్పటికీ కొట్టుకుంటున్నాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ చిక్కుముడిని పెద్ద బెంచికి అప్పగించింది కూడా. కాబట్టి మీ నాన్నగారో మీవారో ప్రేమగా రాసిస్తున్నప్పుడే, ఎదురుగా కూర్చుని, "సర్వహక్కులతో అని రాయించండి" అని నోరు తెరిచి అడగండి. అడిగితే అత్యాశ అనుకుంటారేమో అని ఊరుకుంటే, తర్వాత ఆ మాట కోర్టులో అడగాల్సి వస్తుంది.

ఇక నామినీ సంగతి. "ఆయన డిపాజిట్‌కి నేనే నామినీని, నాకేం భయం" అంటారు చాలామంది. డ్వాక్రా గ్రూపు లీడరు బ్యాంకు నుంచి డబ్బు తెస్తుంది. అంతమాత్రాన ఆ డబ్బు ఆవిడదైపోతుందా? నామినీ కూడా అంతే. బ్యాంకువాళ్లు డబ్బు ఎవరి చేతిలో పెట్టాలో చెప్పే పేరది. పంచుకునేటప్పుడు వారసులందరూ వస్తారు. మీవారు విల్లు రాయకుండా పోతే మీతోపాటు మీ పిల్లలకీ, అత్తగారు బతికుంటే ఆవిడకీ సమాన వాటా ఉంటుంది. షేర్ల విషయంలోనూ ఇంతేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్సు పాలసీలకి మాత్రం 2015లో చట్టం మార్చారు, భార్యాపిల్లలో తల్లిదండ్రులో నామినీలైతే వాళ్ల పరిస్థితి కాస్త మెరుగు. మరి మిగతావాటికి? విల్లు ఉండాలి. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, చేయిస్తే తర్వాత తగువులకి సందు తగ్గుతుంది.

మనకి హక్కు రాసేటప్పుడు ఇన్ని మెలికలు పెడతారా, బాధ్యత రాసేటప్పుడు చూడండి, ఒక్క సంతకంతో పని అయిపోతుంది! "ఊరికే పేరుకే వదినా, షూరిటీ సంతకం" అంటాడు మరిది. షూరిటీలో పేరుకే అన్నదేం లేదు. అతను కట్టకపోతే మొత్తం బాకీ మీదే. ముందు అతన్ని అడిగి, తర్వాతే నా దగ్గరికి రండి అని మీరు అనడానికి కూడా లేదు, బ్యాంకు తిన్నగా మీ మీదికే రావచ్చు. భర్త వ్యాపారంలో పార్ట్‌నరుగా పేరు వేసినా అంతే. నష్టమొస్తే మీ సొంత ఆస్తి కూడా అప్పుల్లోకి పోతుంది. ఒక్క పూట కూడా షాపులో అడుగుపెట్టని ఆడవాళ్లకి నోటీసులొచ్చిన ఇళ్లు నాకు తెలుసు.

పదవులదీ ఇదే కథ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీ స్థానాల్లో సగం మనకి. కుర్చీలో ఆవిడ, పెత్తనం ఆయనది. చెక్కు మీద సంతకం మాత్రం ఆవిడదే కావాలి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఉపసర్పంచ్‌ది కూడా. లెక్క తేడా వస్తే అధికారులు పిలిచేది సంతకం చేసిన మనిషిని గాని, వెనకాల నిలబడి చేయించిన మనిషిని కాదు. సంతకం పెట్టే ముందు బిల్లు చూపించమని అడిగే సర్పంచమ్మల్ని చూస్తే నాకు మహా ముచ్చట.

పెద్దవాళ్లయిన అక్కయ్యలకి ఇంకొక్క సంగతి. ఉన్న ఇల్లు కొడుక్కి సెటిల్‌మెంట్ చేసేస్తే, రిజిస్టరైన ఆ రోజు నుంచే అది అతనిది. విల్లయితే మీ తర్వాతే, మనసు మారితే మార్చుకోవచ్చు కూడా. సెటిల్‌మెంటే చేయాలనుకుంటే, నన్ను జీవితాంతం పోషించాలి అన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం ప్రకారం, ఆ షరతు ఉండి అతను చూడకపోతే ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో ఆ దస్తావేజుని రద్దు చేయించుకోవచ్చు. నోటి మాటగా అనుకున్నాం అంటే అక్కడ నెగ్గడం కష్టం. కన్నకొడుకు దగ్గర షరతులేమిటని మొహమాటంగా ఉంటే, శుభ్రంగా విల్లు రాసి బీరువాలో పెట్టుకోండి. ఏం రాశావమ్మా అని వాడడిగితే, తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తురావడం లేదురా అనండి.