నడుము నొప్పికి మంచమే మందా?

లూకా సువార్త 13వ అధ్యాయంలో, పద్దెనిమిది ఏండ్లుగా నడుము వంగిపోయిన ఒక స్త్రీని గూర్చి చదువుతాము. ఆమె సమాజ మందిరానికి వచ్చింది గాని, తన బాధను ఎవరితోనైనా చెప్పుకున్నట్లు అక్కడ వ్రాయబడలేదు. ప్రభువే ఆమెను చూచి దగ్గరకు పిలిచారు. మన సంఘాలలోను ఇటువంటివారు ఉన్నారు. "వయసు మీద పడింది, ఇక ఇంతే" అని నొప్పిని ఓర్చుకుంటూ వెనుక వరుసలో కూర్చుంటారు. అటువంటివారిని లెక్కలోనికి తెచ్చిన పరిశోధన గూర్చి ఈ పాఠంలో తెలుసుకుందాం.

లెక్కకు రాని బాధ

ఊరిలో కలరా వస్తే మరణాలను బట్టి ప్రభుత్వానికి తెలుస్తుంది. నడుము నొప్పి సాధారణంగా ప్రాణం తీయదు, కనుక మరణాల పట్టికలో కనబడదు. కాని నాట్లకు వెళ్ళే తల్లి వంగలేకపోతే కూలి పోతుంది, పిల్లల ఫీజు ఆగిపోతుంది. అందుకే పరిశోధకులు మరణాలతో పాటు, మనుషులు అవస్థతో గడిపిన సంవత్సరాలను కూడ లెక్కించసాగారు. ఆ లెక్క ప్రకారం ప్రపంచంలో నడుము నొప్పిదే మొదటి స్థానం. 2020లో సుమారు 61 కోట్ల 90 లక్షల మంది దీనితో బాధపడ్డారు. 2050 నాటికి ఈ సంఖ్య 84 కోట్లు దాటవచ్చని అంచనా.

రెండు రాష్ట్రాల కథ

ఈ రంగంలో ఎన్నో ఏండ్లుగా పనిచేస్తున్నవారిలో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ రషెల్ బుక్‌బైండర్ ఒకరు. ఆమె కీళ్ళ వ్యాధుల వైద్యురాలు. ఒక్కొక్క రోగికి వైద్యం చేయడంతో ఆగక, ప్రజలందరి మీద ఈ జబ్బుల భారం ఎంత, దానిని ఎలా తగ్గించాలి అని పరిశోధించారు.

1997లో అక్కడి విక్టోరియా రాష్ట్రంలో కార్మికుల నష్టపరిహారం చూసే ప్రభుత్వ సంస్థ టీవీలో ప్రచారం మొదలుపెట్టింది. "నడుము నొప్పి వస్తే మంచం పట్టవద్దు. మెల్లగా తిరుగుతూ, చేయగలిగిన పని చేసుకోండి" అన్నదే దాని సారాంశం. పక్క రాష్ట్రమైన న్యూ సౌత్ వేల్స్‌లో ఈ ప్రచారం లేదు. బుక్‌బైండర్ బృందం రెండు రాష్ట్రాల ప్రజలను, వైద్యులను ప్రచారానికి ముందు, తరువాత ప్రశ్నించి పోల్చింది. విక్టోరియాలో నడుము నొప్పి అంటే ఉన్న భయం తగ్గింది. దాని పేరిట నష్టపరిహారం కోరేవారు, వైద్య ఖర్చులు కూడ తగ్గాయి. పక్క రాష్ట్రంలో ప్రజల అభిప్రాయం మారలేదు. 2001లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. సరియైన మాట కూడ ఒక మందే అని దీనివలన తెలిసింది.

చికిత్సను కూడ పరీక్షించాలి

ఎముకలు గుల్లబారి వెన్నుపూస నలిగినవారికి, సూదితో ఎముక సిమెంటు ఎక్కించే చికిత్స ఉంది. బుక్‌బైండర్ బృందం 78 మందిపై దీనిని పరీక్షించింది. వారి అంగీకారంతోనే కొందరికి నిజంగా సిమెంటు ఎక్కించారు. మిగిలినవారికి ఎక్కించినట్లు చేశారు గాని, సిమెంటు వేయలేదు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. సిమెంటు వేసినవారికి నొప్పి ఎక్కువగా తగ్గలేదని 2009లో తేలింది. ఖరీదైన చికిత్స అంతా మేలైనది కాదని మనం గ్రహించాలి.

మన ఇంటిలో ఏమి చేయాలి?

• నొప్పి తీవ్రంగా ఉంటే ఒకటి రెండు రోజులు విశ్రాంతి చాలు. తరువాత కొద్దికొద్దిగా నడవండి.
• బరువులు మోయడం కొన్నాళ్ళు తగ్గించండి. పని పూర్తిగా మానవద్దు.
• మూడు నెలలు దాటిన మామూలు నడుము నొప్పికి వ్యాయామం, అవగాహన మేలు చేస్తాయని, నడుము బెల్టులు, ట్రాక్షన్ వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది.
• పొగ త్రాగడం మానండి. అధిక బరువు తగ్గించుకోండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

కాళ్ళు బలహీనపడడం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం గాని విరేచనం గాని అదుపు తప్పడం, క్రిందపడిన తరువాత వచ్చిన నొప్పి, ఇంతకు ముందు క్యాన్సర్ వచ్చి ఉండడం. సాయంత్రం జ్వరం వస్తూ, బరువు తగ్గుతూ నడుము నొప్పి ఉంటే వెన్నుపూసకు క్షయ సోకి ఉండవచ్చు. ఇటువంటప్పుడు ఇంటి వైద్యంతో ఆలస్యం చేయకండి.

కుటుంబంతో ఆలోచించండి

1. మన ఇంటిలో నొప్పిని చెప్పుకోకుండా ఓర్చుకుంటున్నవారు ఎవరు?
2. "మంచం దిగవద్దు" అని మనం ఎవరికైనా సలహా ఇచ్చామా? ఇప్పుడు ఏమి చెబుతాము?
3. ఈ ఆదివారం ఆరాధన తరువాత ఎవరి ప్రక్కన కొంచెం దూరం నడవగలము?

ఆ స్త్రీ అడగకముందే ప్రభువు ఆమెను చూచారు. మనమును అలాగే చూడడం నేర్చుకుందము గాక.