మూస యెంతకాలము మన్నును?

బంగారు వర్తకమునకు పేరుగాంచిన ప్రొద్దుటూరు మన కడప జిల్లాలోనిది. కంసాలులు లోహమును కరగించు చిన్న పాత్రను మూస యందురు. అది యెంతకాలము మన్నునని మా విద్యార్థులు మమ్మడుగుచుందురు. దాని యాయువును ఏండ్లతో గాక, అది యోర్చిన కాకలతో లెక్కింపవలెను.

వెండి 962, బంగారము 1064, రాగి 1085 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికి కరగును. వేడిమి హెచ్చినకొలది మూస త్వరగా క్షీణించును. మట్టిమూసను చెఱచునవి ముఖ్యముగా మూడు. మొదటిది తేమ. తడిమూసను ఒక్కసారిగా నిప్పులలో నుంచినచో, లోని నీరు ఆవిరియై గోడను పగులజేయును. కావున ముందు మెల్లగా కాచి యారబెట్టవలెను. రెండవది వెలిగారము. ఇది లోహపు మలినములనే గాక మూసమట్టిని గూడ కరగించును, మితిమీరి వేయరాదు. మూడవది మూసలో లోహమును గడ్డకట్టనిచ్చుట. మరల కాచునపుడు ఆ ముద్ద వ్యాకోచించి గోడను చీల్చును. గ్రాఫైటు మూసకైతే గాలియు శత్రువే. ఎఱ్ఱగా కాగినపుడు గాలి సోకి గ్రాఫైటు కొంచెము కొంచెముగా కాలిపోవును.

నిజామాబాదు జిల్లా కోనసముద్రమున పూర్వము ఉక్కు చేయువారికి మూస యొక్క కాకకే పనికివచ్చెడిది. మట్టిలో వరియూక కలిపి మూసను చేసి, అందు ఇనుమును నింపి, మూతవేసి కాల్చెడివారు. చల్లారిన పిదప పగులగొట్టి ఉక్కుముద్దను తీసెడివారు.

కంసాలి మూస పెక్కు కాకలకు వచ్చును. కాని యందు కరగునది పరుల సొమ్ము. కుండను కొనువారివలె, చల్లారిన మూసను తట్టి చూడవలెను. మంచిది ఖంగుమనును, బీటవారినది బొంగురుగా పలుకును. అట్టిదానిని వెంటనే విడువవలెను. మూసవెలకు లోభించినచో బంగారము బూడిదపాలగును.