గడియారమే తరాజు

పిల్లలూ! మా ఆలేరు స్టేషనును ఒక గూడ్సు బండి సరిగ్గా 10 గంటలకు దాటిందనుకోండి. 10 కిలోమీటర్ల అవతల ఉన్న గేటును 10 గంటల 12 నిమిషాలకు దాటింది. దాని వేగమెంత? గంటకు 50 కిలోమీటర్లు. బండి ఎక్కకుండానే చెప్పగలిగాం! నక్షత్రాలను అర్థం చేసుకోవడానికి శాస్త్రజ్ఞులు వాడే ఒక పద్ధతి కూడా ఇదే.

సూర్యునికంటె బాగా బరువైన నక్షత్రాలలో హైడ్రోజన్ హీలియంగా మారడానికి కార్బన్ తోడ్పడుతుందని 1939లో హాన్స్ బేతే వివరించాడు. అందులో మొదటి మెట్టు: కార్బన్-12 కేంద్రకం ఒక ప్రోటాన్‌ను కలుపుకొని నైట్రోజన్-13 అవుతుంది. ఇటువంటి చర్యలు ఎంత తరచుగా జరుగుతాయో తెలిస్తేనే నక్షత్రం ఎంతకాలం వెలుగుతుందో లెక్క కట్టగలం.

దీన్ని ప్రయోగశాలలో చూడాలంటే యాక్సిలరేటరుతో కార్బన్ కేంద్రకాలను హైడ్రోజన్ వాయువులోకి పంపాలి. కాని కోటానుకోట్ల కేంద్రకాలు దూసుకుపోతే ఏ ఒకటో అరో నైట్రోజన్ అవుతుంది. విద్యుత్, అయస్కాంత క్షేత్రాలతో వడగట్టినా కొన్ని కార్బన్‌లు తప్పించుకొని వస్తాయి. వాటినీ నైట్రోజన్‌లే అనుకొని లెక్కపెడితే నక్షత్రం లెక్కంతా తప్పుతుంది.

మరి గుర్తుపట్టడమెలా? 12 టన్నుల వ్యాగను వచ్చి, నిలిచి ఉన్న 1 టన్ను ట్రాలీకి తగిలి జతపడితే, ద్రవ్యవేగం మారదు. వేగం మాత్రం 13లో 12 వంతులకు తగ్గుతుంది. నైట్రోజన్ కూడా దాదాపు అంతే నెమ్మదిస్తుంది.

గాలి తీసేసిన గొట్టంలో, 1 మీటరు ఎడంగా రెండు పలుచని కార్బన్ రేకులు అమరుస్తారు. కేంద్రకం రేకును దాటినప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. సన్నని రంధ్రాలు గల గాజు పలక వాటిని లక్షల రెట్లు పెంచి విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. మొదటి సంకేతంతో గడియారం మొదలు, రెండో దానితో ఆపు!

కార్బన్ శక్తి 12 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులైతే ఆ మీటరు దాటడానికి సుమారు 72 నానోసెకన్లు పడుతుంది, నైట్రోజన్‌కు 78. నానోసెకను అంటే సెకనులో వందకోట్లవ వంతు. ఆ 6 నానోసెకన్ల తేడాయే బరువు చెబుతుంది.

కెనడాలో వాంకూవర్‌లోని ట్రయంఫ్ ప్రయోగశాలలో, డ్రాగన్ అనే పరికరంలో ఈ పద్ధతి వాడతారు. నక్షత్రాలలోని చర్యల పరిశోధనకే మన కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూటులో ఫ్రెనా అనే యాక్సిలరేటరు ఉంది.

ఇక మీ వంతు: రేకుల మధ్య దూరం 2 మీటర్లయితే తేడా ఎంత? దూరం పెంచితే గుర్తుపట్టడం తేలికా, కష్టమా? లెక్కకట్టి మీ మాస్టారికి చూపండి.