అంజూరం పూయకపోయినా...



2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ తుఫాను అరకు కొండలనూ వదలలేదు. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలాయి. వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కిందనున్న కాఫీ మొక్కలు నలిగిపోయాయి. కాఫీ మొక్క నాటితే కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. నీడచెట్టు ఎదగడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. అటువంటి తోట ముందు నిలబడిన గిరిజన రైతుకు, దేవునియందు ఆనందించమని ఎలా చెప్పగలం?

హబక్కూకు గ్రంథం 3వ అధ్యాయం, 17-18 వచనాలు తెరచి చూడండి. అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, పొలం పండలేదు, దొడ్డిలో పశువులు లేవు. ప్రవక్త నష్టాన్ని దాచలేదు, ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. ఆ తరువాతనే, పంట మళ్లీ పండకముందే, ప్రభువునందు ఆనందిస్తానన్నాడు. పంట పోయినా, దానిని ఇచ్చిన దేవుడు పోలేదని ఆయనకు తెలుసు.

కనుక కన్నీరు అవిశ్వాసం కాదు. లాజరు సమాధి వద్ద యేసుప్రభువు కూడా కన్నీరు కార్చారు. నష్టపోయిన పొరుగువానికి బోధ చేసి ఊరుకోకండి; అతనితో కలిసి ఒక మొక్క నాటండి.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో జపమాల ముగిశాక ఆ రెండు వచనాలు చదవండి. మీ ఇంటి నష్టాలను ఒక్కొక్కటిగా ప్రభువుకు చెప్పుకొని, ఆ తరువాత ఒక స్తుతిగీతం పాడండి.