ఫోన్ తీసే ముందు నాలుగు ముక్కలు రాయి

పదో తరగతి పిల్లల్ని "కంప్యూటర్ విద్య మీద నీ అభిప్రాయం రాయి" అని అడిగితే ఏం రాస్తారో పేపరు తిప్పకముందే చెప్పేయొచ్చు. "నేటి ఆధునిక యుగంలో" అని మొదలవుతుంది. తర్వాత లాభాలు వరసగా, ఆ వెనకే నష్టాలు వరసగా, కళ్ళు పాడవుతాయనీ చదువు దెబ్బతింటుందనీ. చివర "మంచికి వాడుకుంటే మంచిదే" అని ముక్తాయింపు. గుంటూరు కార్పొరేట్ స్కూల్లో చదివే అమ్మాయి రాసినా అదే, దర్శి దగ్గర జడ్పీ హైస్కూల్లో చదివే అబ్బాయి రాసినా అదే. అందులో తప్పు వాక్యం ఒక్కటీ ఉండదు, సొంత వాక్యమూ ఒక్కటీ ఉండదు. మార్కులు మాత్రం పడతాయి. అదే పిల్లల్ని బడి గేటు బయట కదిపితే అసలు అభిప్రాయం బయటికొస్తుంది: "మంచి ఫోనో, ల్యాప్‌టాపో ఉంటే మేమూ నేర్చుకునేవాళ్ళం." వ్యాసం కంటే ఈ మాట నయం, దీంట్లో కనీసం నిజాయితీ ఉంది. కానీ నిజం సగమే ఉంది. వస్తువు రావడం ఒకటి, చదువు రావడం ఇంకొకటి. ఈ రెండింటికీ మధ్య ఒక అలవాటు ఉంది. ఆ అలవాటు లేనివాడికి ఎంత ఖరీదైన ట్యాబ్ ఇచ్చినా అది రీల్స్ పెట్టె అవుతుంది.

వస్తువులు మన ప్రాంతానికి రాలేదా అంటే, చాలాసార్లే వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో సుమారు 5,000 ప్రభుత్వ హైస్కూళ్ళకు కంప్యూటర్ ల్యాబులు ఇచ్చారు. నడిపే పని ప్రైవేటు కంపెనీలకు ఐదేళ్ళ ఒప్పందం మీద అప్పగించారు. 2013లో గడువు తీరింది, నేర్పేవాళ్ళు వెళ్ళిపోయారు, ల్యాబులు దిక్కులేనివయ్యాయి. 2019 నవంబర్ 14న ఒంగోలులో బడుల బాగు కోసం నాడు-నేడు పథకం మొదలై, బడులకు స్మార్ట్ టీవీలు, పెద్ద డిజిటల్ బోర్డులు వచ్చాయి. 2022 డిసెంబర్ 21న ఒకప్పటి గుంటూరు జిల్లా, ఇప్పటి బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచడం మొదలుపెట్టారు. ఆ ఏడాది లెక్క 4,59,564 మంది పిల్లలు, 59,176 మంది టీచర్లు. ట్యాబులో పాఠాలు బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీవి. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా విచారణకు ఎక్కింది. ఏ ప్రభుత్వం ఇచ్చింది, ఏ ప్రభుత్వం ఆపింది అనే తగువు రచ్చబండకు వదిలేద్దాం. విద్యార్థి గమనించాల్సింది వేరే ఉంది. ఒప్పందం తీరిపోతుంది, కంపెనీ మునిగిపోతుంది, బ్యాటరీ ఉబ్బిపోతుంది, ప్రభుత్వం మారిపోతుంది. "వస్తువు వస్తే నేర్చుకుంటా" అని కూర్చున్నవాడు ప్రతిసారీ మొదటి మెట్టు మీదే ఉంటాడు.

ఇది మన ఒక్కరి గోడే కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం బడి పిల్లలకు లక్షల సంఖ్యలో చిన్న ల్యాప్‌టాపులు పంచింది. పల్లె బడుల్లో పరిశోధకులు పరీక్షలు పెట్టి చూస్తే లెక్కల్లోగానీ భాషలోగానీ పెరుగుదల కనిపించలేదని 2012లో తేల్చారు. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ 2015లో ఇచ్చిన నివేదికదీ అదే ధోరణి: కంప్యూటర్ల మీద బాగా ఖర్చుపెట్టిన దేశాల్లో పిల్లల చదువు అందుకు తగ్గట్టు మెరుగుపడలేదు. దీన్ని పట్టుకుని "చూశారా, కంప్యూటర్లు దండగ" అని ఎగిరేవాళ్ళు కాస్త ఆగాలి. ఢిల్లీలో పేద పిల్లలకు బడి అయ్యాక మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాఠాలు చెప్పిస్తే, ఐదు నెలలు నిండకుండానే లెక్కల్లో బాగా ముందుకొచ్చారని కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు 2019లో అచ్చువేశారు. అక్కడి కిటుకు ఏమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ ముందు పిల్లవాడికి ఏది వచ్చో ఏది రాదో పసిగట్టి అక్కణ్ణించి మొదలుపెడుతుంది. అంటే "నాకు ఏది తెలియదు" అన్న ప్రశ్నను పిల్లవాడి తరఫున యంత్రమే అడిగింది. మన ఇళ్ళలో ఉన్న ఫోను ఆ పని చేయదు. పల్లె పిల్లల చదువు మీద జరిపే అసర్ 2024 సర్వేలో దేశవ్యాప్తంగా పల్లెల్లోని 14-16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని తేలింది. అంతకు ముందు వారంలో చదువు పనికి వాడామన్నవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవాళ్ళు 76 శాతం. వాడటం రాకపోవడం సమస్య కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. ఏం అడగాలో తెలియకుండా తెర తీయడమే సమస్య.

అందుకే నేను పదే పదే చెప్పే అలవాటు ఒక్కటే. ఏ విషయం కోసమైనా ఫోన్ తీసే ముందు నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయి. నేను కళ్ళారా చూసింది ఏమిటి, నాకు తెలియనిది సరిగ్గా ఏమిటి, జవాబు ఏమై ఉంటుందని నా ఊహ, ఎందుకలా అనుకుంటున్నాను. రెండు నిమిషాల పని. తప్పు రాసినా ఫరవాలేదు, ఖాళీగా మాత్రం వదలొద్దు. ఇది విని నవ్వే పిల్లలుంటారు, తెలుసు. నవ్వండి, కానీ మిరప చేలోకి వెళ్ళి నవ్వండి. ఆకు ముడుచుకుంది. ఇంట్లో అందరికీ కంగారు. "మిరప ఆకు ముడతకు మందు" అని ఫోన్లో కొడితే పది వీడియోలు వస్తాయి, పదింటిలో పది మందులు. ఇప్పుడు ఫోన్ జేబులో పెట్టి ఆకు చూడు. ఆకు అంచులు పైకి లేచి ముడుచుకున్నాయా? అది పై ముడత, తామర పురుగు పని. అంచులు కిందికి వంగి తిరగేసిన పడవలా ఉందా? అది కింది ముడత, తెల్లనల్లి పని. నల్లి అసలు కీటకమే కాదు, తామర పురుగు మీద పనిచేసే ప్రతి మందూ దాని మీద పనిచేయదు. ఈ రెండూ కాకుండా మొక్క గిడసబారి, ఆకులు చిన్నవై పచ్చబారితే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ అయి ఉండొచ్చు, అప్పుడు వైరస్‌కంటూ కొట్టే మందే లేదు. చూపు నిలిపి "అంచులు పైకి ఉన్నాయి, లేత ఆకుల్లోనే ఉంది, తామర పురుగు అనుకుంటున్నా" అని రాసినవాడు ఆ తర్వాత ఫోన్లో వెతికే మాటే మారిపోతుంది. పది వీడియోల్లో ఎనిమిది తనకు సంబంధం లేనివని వాడికి వెంటనే తెలిసిపోతుంది. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరప చేల మీద పడి పూతలో చేరి తోటలకు తోటలు ఊడ్చేసినప్పుడు రైతులు చేతికందిన మందల్లా కొట్టారు. అదేదో కొత్త పురుగని ముందు గుర్తించినవాళ్ళు చూసి, పోల్చి, రాసుకునే అలవాటున్న శాస్త్రవేత్తలు. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం మనకు పక్కనే ఉంది. అక్కడ జరిగేదీ మొదట ఈ చూడటమూ రాయడమూనే, యంత్రాలు ఆ తర్వాత.

జవాబు చూసేలోపు ఊహించి రాస్తే, ఆ ఊహ తప్పయినా సరే, అసలు జవాబు మనసులో గట్టిగా నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రంలో కొన్ని ప్రయోగాలు చెబుతున్నాయి. ఎలాగూ ఎక్కడో దొరుకుతుందిలే అనుకున్న సమాచారాన్ని మెదడు అంతగా గుర్తుపెట్టుకోదని ఇంకో ప్రయోగం. పరిశోధన సంగతి అంతటితో చాలు. ఈ అలవాటు కంప్యూటర్ విద్యకు మొదటి మెట్టు ఎలా అవుతుందో పత్తి దగ్గర చూద్దాం. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు రూ. 8,110. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకుని స్లాట్ బుక్ చేసుకోవాలి. చాలా ఇళ్ళలో ఆ పని పడేది హైస్కూలు పిల్లల మీదే. వేళ్ళు చకచకా ఆడిస్తారు, ఓటీపీ కొడతారు, "అయిపోయింది నాన్నా" అంటారు. యాప్ వాడారు, నిజమే. కానీ కొనుగోలు కేంద్రంలో తేమ మిషన్ 11 చూపిస్తే నాన్న చేతికి ఎంత వస్తుందో చెప్పమంటే ఎంతమంది చెబుతారు? నియమం కాగితం మీద రాస్తే మూడు వాక్యాలు. తేమ 8 శాతం లోపుంటే పూర్తి ధర. 8 దాటి 12 లోపుంటే దాటిన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత. 12 దాటితే కొనరు. తేమ 11 అంటే మూడు శాతం కోత, అంటే రూ. 243.30 పోయి క్వింటాకు రూ. 7,866.70. ఇరవై క్వింటాళ్ళకు నాలుగు వేల ఎనిమిది వందల పైచిలుకు తేడా. ఆ మూడు వాక్యాలూ ఉన్నాయే, వాటిని ఏ భాషలో రాసినా అది ప్రోగ్రామే. పైథాన్‌లో అయినా ఎక్సెల్‌లో అయినా రాయాల్సింది అదే షరతు, అదే వరస. దాన్ని తెలుగులో తడుముకోకుండా చెప్పగలిగినవాడికి పైథాన్ నేర్చుకోవడం కొన్ని వారాల పని. చెప్పలేనివాడు ఏ కోచింగ్ సెంటర్లో ఎన్ని నెలలు కూర్చున్నా బోర్డు మీది కోడ్ కాపీ కొట్టడమే నేర్చుకుంటాడు.

"రోజులు మారాయి సార్, ఇప్పుడు ఏఐ ఉంది, ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పేస్తుంది, ఈ రాతకోతలెందుకు" అని అడిగేవాళ్ళున్నారు. మంచి అభ్యంతరమే. పేరు చెబుతుంది, కాదనను. చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. తప్పు చెప్పినప్పుడు కూడా అదే ధీమాతో చెబుతుంది, చిక్కు అక్కడ. నీ ఊహ కాగితం మీద ముందే ఉంటే, అది చెప్పిందీ నువ్వు రాసిందీ కలవనప్పుడు నువ్వు ఆగుతావు, ఇంకో ఆకు తిప్పి చూస్తావు, రైతు సేవా కేంద్రంలో అడుగుతావు. ఊహ లేనివాడు ఆగడు, ఎందుకంటే వాడికి పోల్చుకోవడానికి ఏమీ లేదు. వాడి తొందరకు మందు ఖర్చు నాన్న జేబులోంచి పోతుంది. ఇంకో అభ్యంతరం ఉద్యోగాలది: ఐటీ కంపెనీలు కాగితాలు చూస్తాయా అని. చూస్తాయి. ప్రోగ్రామింగ్ ఇంటర్వ్యూల్లో నోటితో వివరించమనీ, బోర్డు మీద అడుగులు రాయమనీ అడుగుతారు. ఒంగోలు ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చి ల్యాప్‌టాప్ చేతికొచ్చిన రోజున పదేళ్ళ బట్టీ అలవాటు దానంతటది వదిలిపోదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. "పేదవాడి బిడ్డకు కాగితం చాలు, డబ్బున్నవాడి బిడ్డకు కంప్యూటర్ అంటావా?" అని. లేదు, అలా అనను. కర్నూలు జిల్లా ఆదోని, మంత్రాలయం వైపు నుంచి మిరప కోతలకు మన ఊళ్ళకు వచ్చే కుటుంబాల పిల్లలు బడి ఏడాదిలో కొన్ని నెలలు చేను గట్టునే గడుపుతారు. వాళ్ళకు నోట్‌బుక్ మహిమ గురించి ఉపన్యాసమిచ్చి చేతులు దులుపుకుంటే అది వంచన. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్న చేతికే వెళ్ళి, చెల్లికి హోంవర్క్ ఫొటో చూసుకోవడానికి కూడా దొరకని ఇళ్ళున్నాయి, అదీ అన్యాయమే. 2023-24 ప్రభుత్వ లెక్క ప్రకారమే దేశంలో పనిచేసే కంప్యూటర్లున్న బడులు 57 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 54 శాతం. ల్యాబ్ అడగడం పిల్లల హక్కు, ఇప్పించడం పెద్దల బాధ్యత. నేను చెప్పేదల్లా, ల్యాబ్ వచ్చేలోగా అలవాటు వాయిదా వేయకు. పాతిక కంప్యూటర్లు వచ్చినా వారానికి ఒక్క పీరియడే దక్కే బడిలో, ఏం చేయాలో కాగితం మీద రాసుకొచ్చిన పిల్లకు నలభై నిమిషాలూ పనికొస్తాయి. రాసుకోని పిల్లకు సగం పీరియడ్ మౌస్ ఎవరి చేతిలో ఉండాలన్న గొడవలోనే పోతుంది.

మిగతా సలహాలు మీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. తెలుగులో టైపు చేయడం నేర్చుకో, ఫోన్లో గొంతుతో చెప్పి రాయించుకోవడం దానికి సాటి రాదు. ఓటీపీ ఎవరికీ చెప్పకు. రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకో. నెలకు ఒక్కసారైనా గేమ్ డిలీట్ చేసి చూడు, మళ్ళీ ఎక్కించుకుంటావు, ఫరవాలేదు. ఇంగ్లిష్ రాదని జంకకు, మొదట్లో కోడ్‌లో వాడే ఇంగ్లిష్ మాటలు కొద్దే. తల్లిదండ్రులకూ ఒక మాట: "ఫోన్ ముట్టుకుంటే చెడిపోతావు" అని అరుస్తూనే కరెంటు బిల్లు కట్టడానికీ యాప్ నమోదుకూ పిల్లల్నే పిలవడం వాళ్ళ కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. భయపెట్టడం మానేసి ప్రశ్న అడగడం మొదలుపెట్టండి. ఏం వెతుకుతున్నావు, నువ్వేమనుకుంటున్నావు, అది చెప్పింది నిజమని ఎలా తెలుసు. చదువు రాని తల్లి కూడా అడగగలిగిన ప్రశ్నలివి.

కాబట్టి ఈసారి పత్తి స్లాట్ బుక్ చేయించేటప్పుడు ఫోన్ పిల్లల చేతికిచ్చి పక్కకు వెళ్ళిపోకండి. ముందు కాగితం ఇవ్వండి. తేమ 9 వస్తే ఎంత, 11 వస్తే ఎంత, ఇంకో రెండు రోజులు ఎండబెడితే బరువు తగ్గగా మనకు వచ్చేదెంత అని వాళ్ళ చేతే లెక్క వేయించండి. ఆ తర్వాతే యాప్ తెరవమనండి.